కొమ్ముల మొక్క చీమలు

హిందీ మాట్లాడే ఊళ్ళో, బర్మామైన్స్‌ పేటలో రైల్వే క్వార్టరు. సామానంతా వీధిలో టెంపోకి ఎక్కించేశారు. వెనక వసారాలో చీమలు కాపరమున్న కొమ్ముల మొక్కతో ఒక్క పూలకుండీ మిగిలింది. దాని దగ్గర ఆదిబాబు, అతని భార్య నూకాలమ్మ.

“ఇన్నేళ్ళూ అడగలేదు నూకాలూ. ఇవాళ అడుగుతున్నాను. ఆ రోజు నది ఒడ్డున కాకితో ఏటి చెప్పావు?”

“ఆ తాడు ఇలాగియ్యి ముందు. బిందెలకి కట్టాలి.”

“బిందెలు ఎక్కించేశారు.”

“అయితే మంచానికి.”

“మంచమూ ఎక్కించేశారు. ఇల్లు ఖాళీ అయిపోయింది, ఇంక నీకు పనేదీ లేదు. చెప్పు.”

“ఏ కాకి మావా? ఈ పెరట్లోకి రోజూ ఎన్ని కాకులు రావు?”

“మన సునీల్ పదోరోజు కాకి. దోముహానిలో, రెండు నదులు కలిసేచోట. పిండం పెట్టి ఎంతసేపు నిలబడ్డాం! చెట్టు నిండా కాకులే. ఒక్కటీ దిగలేదు. ‘పిల్లడి మనసులో ఏదో ఉండిపోయింది, అది తీరుత్తామని మాటివ్వండి’ అన్నారు పంతులుగారు. నేను క్రికెట్ బ్యాటన్నాను.”

“సైకిలు కూడా అన్నావు.”

“సైకిలన్నాను. పైడితల్లి జాతరకి తీసుకెళ్తానన్నాను. పోయిన గుంటడిని జాతరకి తీసుకెళ్తానని నది ఒడ్డున నిలబడి అరిచాను. అందరూ నన్నే చూత్తన్నారు.”

“ఎండకి మతి పోయింది నీకు.”

“కాకి కదల్లేదు. అప్పుడు నువ్వు ముందుకెళ్ళి వంగి, పెదాలు కదిపావు. నేను చూశాను. నువ్వు లేచి ఇటు తిరిగేలోపు వాలింది.”

“దానికి ఆకలేసింది, వాలింది.”

“నేనూ అలాగే అనుకుందామని చూశాను. పూజలో కూచున్నప్పుడల్లా అప్పన్నని అడుగుతాను. స్వామీ, అది పక్షి కదా, మనిషి చెప్పింది దానికి అర్థమవుతాదా? అర్థం కాకపోతే దీని మాటకి ఎలా దిగింది? అర్థమైతే నా మాటకి ఎందుకు దిగలేదు? ఆయన చెప్పడు. నువ్వూ చెప్పవు.”

“ఆయనే చెప్పనిది నేనేం చెబుతాను! బయట టెంపోవాడు నిలబడ్డాడు. ఇప్పుడా ఆ గొడవ?”

“ఇప్పుడే కావాలి. అల్లుడు జేబులో చీమల మందు పొట్లం పెట్టుకుని వీధిలో నిలబడ్డాడు. నువ్విచ్చిన మాట వాడు పెంచిన ఈ చీమల గురించే అని నా నమ్మకం. ‘నీ చీమల్ని మేం చూసుకుంటాం’ అన్నావు. అవునా?”

“నీ అంతట నువ్వే చెప్పీసుకుని, మళ్ళీ నన్నడుగుతావేటి?”

“అవునా, కాదా? అవునంటే మందు చల్లనివ్వను. బిర్సానగర్‌లో ఓ గది అద్దెకి తీసుకుని ఈ కుండీతో అక్కడే ఉంటాను. నువ్వు గోవింద్‌పూర్ వెళ్ళి కూతురి దగ్గరుండు.”

“బాగుంది. రిటైరయ్యాక, మనవరాలు పుట్టాక, చీమల కోసం పెళ్ళాన్ని వదిలేత్తావా! వంటెవరు చేత్తారు, చీమలా?”

“నవ్వులాట కాదు నూకాలూ.”

“నేనూ నవ్వట్లేదు.”

“అమ్మా! చలో న! టెంపోవాలా చిల్లా రహా హై, ఒకటే అరుపులు. నాన్నా, నువ్వు ఇంకా ఆ కుండీ దగ్గరే ఉన్నావా?”

“రోహిణీ, మీ ఆయన్ని ఆ మందు పొట్లం పారీమను.”

“నాన్నా, ప్లీజ్. పాప చెంప నువ్వూ చూశావు కదా. నేను పురిటికొచ్చి ఇక్కడున్నప్పుడు ఉయ్యాల్లోకి ఎక్కి కుట్టాయి. ఎలా వాచిపోయింది! నువ్వే కదా ఎత్తుకుని తిరిగావు, రాత్రంతా, సారీ రాత్. మొక్కని తెండి, బాల్కనీలో పెట్టి నేనే చూసుకుంటాను. చీమలు మాత్రం నహీ.”

“నువ్వు కాలేజీలో మొక్కల చదువు చదివావు. చీమలు లేకపోతే ఇది బతుకుతాదా?”

“బతకొచ్చు. ఇంత బాగా ఉండదు.”

“ఎందుకుండదు? మీ అమ్మ వినేలా చెప్పు.”

“అమ్మకి తెలుసు నాన్నా. ఇది ఎక్కడో పరదేశపు ఆర్కిడ్. మనం కొమ్ములంటాం గానీ ఇవి దాని కాడలు, లోపలంతా డొల్ల. ఒక్కోదానికీ అడుగున సన్నటి చీలిక ఉంటుంది, అదే గుమ్మం. చీమలు లోపల కాపరం పెడతాయి. చచ్చిన పురుగులూ, తిని వదిలేసిన చెత్తా తెచ్చి ఓ కొమ్ములో పారేస్తాయి. మొక్కకి అదే తిండి. ఆకు కొరకడానికి ఏ పురుగొచ్చినా ఇవి బయటికొచ్చి కుట్టి తరిమేస్తాయి. సునీల్ భయ్యా అనేవాడు గుర్తుందా? ‘మన క్వార్టరుకి నాన్న అద్దె కట్టినట్టే చీమలు కూడా కడతన్నాయే’ అని.”

“వాడికెవరు చెప్పారో ఇదంతా!”

“కిసీనే నహీ, ఎవరూ చెప్పలేదు. ఎండిపోయిన కొమ్మొకటి బ్లేడుతో చీల్చి చూశాడు. నాకూ చూపించాడు. మొన్న వేసవిలో ఇది మొదటిసారి పూస్తే నేను... ఛోడో, పోనీ. జల్దీ రండి నాన్నా.”

“వెళ్ళు తల్లీ. వత్తన్నాం.”

“చూశావా నూకాలూ, ఏడుత్తూ వెళ్ళింది గుంట.”

“పాపకి పాలిచ్చే వేళయింది. అందుకే ఆ కంగారు.”

“ప్రతిదానికీ నీ దగ్గర ఓ కారణం ఉంటాది. కాకికి ఆకలి. రోహిణికి పాలవేళ. సునీల్‌కి వాన.”

“వాన పడింది నిజమే కదా. రేకు తడిసింది, కాలు జారింది.”

“అందరికీ అదే చెప్పావు. ఆస్పత్రిలో అదే, పోలీసొచ్చి అడిగితే అదే, ఊరి నుంచి వచ్చిన మా అమ్మకీ అదే. గుంటడు స్నానాలగది రేకు మీదకి ఎందుకెక్కాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు.”

“మావా, ఒగ్గీ ఆ మాట.”

“ఆ రోజు శనివారం. అప్పన్నకి పరమాన్నం పెట్టి కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూత్తే గిన్నె నిండా ఈ మొక్క చీమలే. దేవుడి కంటే ముందు చీమలు తిన్నాయని కోపం నాకు. ఎంత కోపం! ఆయనకి లేని కోపం నాకెందుకొచ్చిందో.”

“ఒగ్గీమన్నానా!”

“డ్యూటీకి పోతూ వాడితో ఏటన్నానో నువ్వు గుమ్మంలో నిలబడి విన్నావు.”

“నాకేం వినపడలేదు. పొయ్యి మీద పప్పు పొంగుతంది, అటు చూత్తన్నాను.”

“వినపడింది. ‘నేనొచ్చేసరికి ఆ దిక్కుమాలిన మొక్క ఇంట్లో కనబడిందా, దాంతో పాటు నువ్వూ బయటికే’ అన్నాను. పారీడానికి మనసు రాలేదు వాడికి. ఇంట్లో ఉంచడానికి ధైర్యం లేదు. తీసుకెళ్ళి రేకు మీద పెట్టాడు. తరవాత నేనే ఎక్కి దించాను కదా. గోడకి ఆనించి, గాలికి పడకుండా ఇటుకముక్క అడ్డం పెట్టాడు. ఎంత కుదురుగా పెట్టాడో! పెట్టడం అయిపోయింది నూకాలూ. దిగి వత్తంటే—”

“నువ్వు ఆ రోజు గాని—”

“గాని?”

“ఏం లేదు.”

“ఆ రోజు గాని, ఏటి?”

“ఏం లేదన్నాను కదా. ఎండ మొహాన పడతంది, ఇటు జరుగు.”

“ఎప్పుడూ ఇంతే. ‘నువ్వు ఆ రోజు’ అంటావు, అక్కడితో నోరు కుట్టేసుకుంటావు. మీ అన్న కూర్మారావు అలాక్కాదు. అసలు సంగతి నా నోటే విని అడిగేశాడు. ఈ ముంగిట్లోనే, ఇంటినిండా జనం ఉండగా నా కాలరు పట్టుకుని అడిగాడు. ‘పిల్లడికి మొక్కిచ్చింది నేను, వాణ్ణి రేకెక్కించింది నువ్వు’ అన్నాడు.”

“మా అన్నకి నోరు జాస్తి.”

“నువ్వొచ్చి ఆ చెయ్యి విడిపించావు. అప్పుడనుకున్నాను, దీనికి నామీద కోపం లేదు, దేవతలాంటి మనిషి అని.”

“దేవతా లేదు, ఏమీ లేదు. పద.”

“ఆగు. అప్పట్నించి ఈ చీమల్నే కొలుత్తన్నాను. తెల్లారితే ముందు వీటికి బెల్లంముక్క, తరవాతే దేవుడికి. పక్కింటి హేమ గోడ మీంచి చూసి నవ్వేది, అంకుల్‌జీ చీమలకి టిఫిన్ పెడతన్నారని. నవ్వనిచ్చాను.”

“చూశాను. అన్నీ చూశాను.”

“నువ్వు వాడికిచ్చిన మాట నేను నిలబెడతన్నాననుకున్నాను. నేను చెయ్యగలిగింది అదొక్కటే మిగిలింది. అందుకే అడుగుతున్నాను. చెప్పు. అవునా?”

“కాదు.”

“ఏటి కాదు?”

“చీమల మాట కాదు. చీమల గురించి నేనేం మాటివ్వలేదు.”

“మరి ఇన్నేళ్ళూ నేను బెల్లం పెడతంటే చూత్తా ఊరుకున్నావా?”

“ఊరుకున్నాను. ఆ నెలంతా నువ్వు మంచం దిగలేదు, గుర్తుందా? దేవుడికి దీపం పెడదామంటే లేవలేదు. రోహిణికి జొరమొచ్చిందన్నా లేవలేదు. ఓ పొద్దున ఈ కుండీ దగ్గర కూచుని బెల్లం చిదుపుతున్నావు. పోనీలే, దేనికో ఒకదానికి లేచాడు అనుకున్నాను. చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను.”

“అయితే ఈ చీమలకీ ఆ మాటకీ ఏ సంబంధమూ లేదు.”

“లేదు.”

“అయితే అల్లుణ్ణి పిలవమంటావా? చల్లీమంటావా?”

“చల్లమన్నానా? వాడు పెంచిన మొక్క. మా అన్న మాలీగా చేసిన బంగళా తోటలోదే కదా ఇది. ఇప్పటికీ ఆ తోట ఆయనే చూత్తాడు. ఈ సాయంత్రం పట్టుకెళ్ళి అక్కడ మామిడిచెట్టుకి కట్టించేద్దాం, చీమలతో సహా. ఎండా గాలీ తగులుతాది. ఆదివారం ఆదివారం నువ్వు వెళ్ళి చూసుకో. మిగతా రోజులు మనవరాల్ని ఎత్తుకో.”

“మీ అన్న నన్ను ఆ గేటులోకి రానిత్తాడా?”

“నేను చెబుతాను. నా మాట తీసెయ్యడు.”

“ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదేటి?”

“నువ్వెప్పుడూ అడగలేదు. కుండీ ఎత్తు. నెమ్మదిగా, చెయ్యి కుడతాయి.”

“కుట్టనీ. ఇవి కాకపోతే మరేటి నూకాలూ? ఏ మాటకి దిగింది ఆ కాకి?”

“అదెందుకు ఇంక? చీమల సంగతి తేలిపోయింది కదా.”

“నాకు తేలలేదు. ఆ ఒక్క మాట నాకు బాకీ ఉన్నావు.”

“చెబితే దాని ఫలం పోతాదేమోనని భయం మావా.”

“పోదు. పిల్లడు తిని వెళ్ళిపోయాడు. ఇంక వెనక్కి రాడు. చెప్పు.”

“మనిద్దరం అరుచుకుంటే వాడు గుమ్మం వెనక నిలబడి చెవులు మూసుకునేవాడు. గుర్తుందా?”

“ఉంది.”

“ఆ చెట్టు మీద కూడా అలాగే కూచున్నాడనిపించింది నాకు. నేను నిన్ను ఏమంటానో అని, ఆకలేసినా దిగకుండా. అందుకని వంగి చెప్పాను. ‘మీ నాన్నని ఒక్క మాట అనను నాయనా. నేను బతికున్నంత కాలం అనను. వచ్చి తిను.’ అప్పుడు తిన్నాడు.”