తలవైపు స్క్రూ

ఏంటే, ఈ బల్ల ఎవరు చేశారనా? మా అన్నయ్య. మీ అమ్మకి పెద్ద మావయ్య. నువ్వు చూళ్ళేదులే, నువ్వు పుట్టేనాటికే పోయాడు. బల్లలు ఏదో తోచనప్పుడు చేసేవాడు గానీ, ఆయన అసలు పని శవపెట్టెలు. పెట్టెల మేస్త్రి అంటేనే తెలుసు జనానికి. మొహం అలా పెట్టకు, ఇది పెట్టెల చెక్క కాదు... ఏమో, అదే అయినా అవుతుంది. ఇల్లంతా రంపం పొట్టు వాసనొచ్చేది. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ వస్తుంది నాకు, అడవి అడవంతా వచ్చి మా వరండాలో పడుకున్నట్టు.

ఆ, ఏం చెబుతున్నాను? ఆయనకో అలవాటుండేది. మూత పెట్టి చుట్టూ స్క్రూలు బిగించేవాడా, తలవైపు ఒక్కటి మాత్రం సగం తిప్పి వదిలేసేవాడు. ఎందుకన్నయ్యా అంటే, "ప్రభువు వచ్చే రోజు కడబూర మోగినప్పుడు సమాధుల్లోంచి లేవాలి కదే పిచ్చిదానా, లోపలివాళ్ళు ఇబ్బంది పడరూ?" అనేవాడు. పాస్టరుగారు ఊరుకుంటారా? "ఏం మేస్త్రీ, సమాధి రాయి దొర్లించిన దేవుడికి నీ స్క్రూ ఓ లెక్కా?" అని నలుగురిలో ఆటపట్టించేవారు. ఈయన తలొంచుకుని, "లెక్క కాదండీ. మిగతావన్నీ ఆయనే చూసుకుంటాడు. మన వంతు ఒకటైనా ఉండొద్దూ..." అని గొణిగేవాడు. ఇక మా వదిన! "ఇంట్లో గడియ ఊడి ఏడాదైంది, అది బిగించడానికి తీరిక లేదు గానీ, చచ్చినవాళ్ళకి వదులు చెయ్యడానికి మాత్రం ఎక్కడలేని ఓపికా!" అని దెప్పి, తనే పడీ పడీ నవ్వేది. ఆ నవ్వు చూడ్డానికే చీవాట్లు తినేవాడేమో అనిపించేది నాకు.

ఆ వదినే పోయింది. ఊపిరితిత్తుల జబ్బు. ఎండాకాలంలో పట్టుకుంది, చలికాలం దాకా పీల్చి పిప్పి చేసింది. అన్నయ్య మోకాళ్ళు కాయలు కాచేట్టు ప్రార్థన చేశాడు. ఆవిడేమో ఏ బెంగా లేకుండా, "నేను ముందెళ్ళి ఇల్లు సర్దుతుంటాను, మీరు పనులు ముగించుకుని నిదానంగా రండి" అనేది, ఏదో పెళ్ళికి వెళుతున్నట్టు. చివరి రోజు మాత్రం నవ్వలేదు తల్లీ. గాలి కోసం నోరు తెరిచి... వద్దులే, అదెందుకు నీకు.

పెట్టె ఆయనే చేశాడు, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. వదిన్ని పడుకోబెట్టి మూత పెట్టాక, ఒక్కొక్కటే బిగించుకుంటూ తలవైపుకి వచ్చాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆగలేదే! పళ్ళు బిగపట్టి, చెక్క కిర్రుమనేదాకా తిప్పాడు. "అన్నయ్యా, అదీ..." అన్నాను. "చచ్చినవాళ్ళు చచ్చినట్టే. లే, మోసేవాళ్ళని పిలువు" అన్నాడు. వదినొక్కతే పోయిందనుకున్నాను, ఈయన కూడా పోయాడు.

సమాధుల తోటలో పాస్టరుగారు, "ఈ సహోదరి ప్రభువునందు నిద్రించుచున్నది, మరల లేచును" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు, ఈయన నోరు విప్పలేదు. తాళ్ళతో దించారు. గుంట తవ్వినాయన పార ఎత్తాడో లేదో, "ఆపు!" అని దబ్బున లోపలికి దూకాడమ్మా. స్క్రూడ్రైవరు ఇంటి దగ్గరే ఉండిపోయింది. గోటితో తిప్పడం మొదలుపెట్టాడు. అంత బిగించింది గోటికి వస్తుందా? గోరు చీలింది, నెత్తురు కారుతోంది, అయినా మానడే. పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. ఆఖరికి గుంట తవ్వినాయనే వంగి తన జేబులో చాకు అందించి, "మెల్లగా మేస్త్రీ, ఎవరికీ తొందర లేదు" అన్నాడు. చాకు మొనతో సగానికి వదులు చేసి పైకొచ్చాడు. మోకాళ్ళ దాకా మట్టి.

తిరిగొస్తూ అడిగాను, "నమ్మకం మళ్ళీ వచ్చిందా అన్నయ్యా?" అని. "రాలేదే. నాకు లేదు. దానికుంది కదా. నా కోపంతో దాని దారికి అడ్డం పడతానా?" అన్నాడు.

ఆ తర్వాత చర్చికి వచ్చేవాడు, వెనక బెంచీలో కూర్చునేవాడు. పాట ఎత్తుకుంటే పెదవి కదిపేవాడు కాదు. పోయేదాకా అంతే. నేను మళ్ళీ అడగలేదు, ఏం చెబుతాడోనని భయం. వదిన నమ్మకం ఇద్దరికీ సరిపోయుంటుందిలే అనుకుంటాను. సరిపోవాలి కదే. సరిపోకపోతే మరి ఆయన...

బట్టలు ఆరాయేమో చూసి రాపో.