పదకొండు విమానాల కరెంటు

చార్జింగ్ మెకానిక్ ఆ రోజు నోరు మూసుకుని టీ తాగి పోయుంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ విమానాశ్రయం గేటు ముందున్న ఆ టీ కొట్టులో బెంచీ చివర బావ కూర్చుని ఉన్నాడు. స్వయానా చెల్లెలి మొగుడు.

ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం. బ్యాటరీ విమానాలకు చార్జింగ్ పెట్టాలి, సాయంత్రం ఊళ్ళో కరెంటు చాలకపోతే ఆ బ్యాటరీల్లోంచే కొంత తిరిగి లైన్లోకి పంపాలి. వారం కిందట ఒక విమానం బ్యాటరీ మొత్తం ఊడ్చుకుపోయింది. అత్యవసరంగా వెళ్ళాల్సిన డాక్టరు అందులో ఎక్కి కూర్చుని, మళ్ళీ దిగిపోయాడు. తప్పు నాదేనని బావ రాసిచ్చి సస్పెండయ్యాడు. ఎందుకు రాసిచ్చాడో మెకానిక్ ఒక్కడికే తెలుసు.

"అంత అనుభవం ఉండి ఎలా మర్చిపోయావయ్యా?" అన్నాడు సామాన్ల బండి డ్రైవరు, బావతో.

బావ టీ గ్లాసు మీదికి తల వంచాడు. మెకానిక్ సిగ్గుతో చచ్చిపోయాడు. మాట మార్చాలి, అంతే. మార్చడానికి అతనికి తెలిసిన దారి ఒక్కటే.

"అదంతా వదిలెయ్యండి, నా సంగతి వినండి. ఊళ్ళో లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. ఒక్క విమానం తగిలించానో లేదో, ఆసుపత్రిలో ఫ్యాన్లన్నీ గిర్రున తిరిగాయి!"

"ఒక్కదానికేనా?" అంది టీ కొట్టు అక్క.

"ఒక్కటేంటక్కా, అక్కడున్న పదకొండూ తగిలించా! వైర్లు చాలకపోతే ఈ చేత్తో ఒకటి, ఆ చేత్తో ఒకటి పట్టుకుని మధ్యలో నేనే నిలబడ్డా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్క ఊరు వెలిగింది, దాని పక్క ఊరు వెలిగింది, కోళ్ళు తెల్లారిందనుకుని కూశాయి. కరెంటాఫీసు పెద్ద ఇంజనీరు ఫోన్ చేసి ఏడుపొక్కటే తక్కువ! 'బాబ్బాబు, ఇక ఆపు, నువ్వు తోసే కరెంటుకి డ్యాములో నీళ్ళు వెనక్కి కొండెక్కుతున్నాయి' అని!"

అందరూ పగలబడి నవ్వారు. బావ పెదవి కూడా కాస్త కదిలింది. ఆ నవ్వు చూసి మెకానిక్ ఒళ్ళు మరిచాడు.

"అబద్ధమైతే అడగండి, మొన్న మంగళవారం సాయంత్రం, సరిగ్గా ఆరింటికి..."

"మంగళవారమా?" అన్నాడు డ్రైవరు. "ఆ రోజేగా ఆ విమానం ఆగిపోయింది? నువ్వు సెలవులో ఉన్నానన్నావు?"

నవ్వులు ఆగిపోయాయి. ఇంకో కోత కోస్తే తప్పించుకోవచ్చు. నాలిక మీదికి వచ్చింది కూడా. బావ మాత్రం తలెత్తలేదు, కాపాడటానికి మళ్ళీ సిద్ధంగానే ఉన్నట్టున్నాడు. అది చూసి మెకానిక్ ఆ కోత మింగేశాడు.

"సెలవు కాదు," అన్నాడు. "డ్యూటీ నాదే. బ్యాటరీ అరవై శాతానికి దిగగానే లైన్లోకి పంపడం ఆపాలి. ఫోన్లో ఎవరికో గొప్పలు చెబుతూ మర్చిపోయా. ఇంకొక్క తప్పు దొరికితే నా ఉద్యోగం పోతుందని బావ కాళ్ళావేళ్ళా పడ్డా. ఇప్పుడే వెళ్ళి ఆఫీసులో చెప్పేస్తా."

బావ గ్లాసు కింద పెట్టాడు.

"ఆఫీసుకి తర్వాత వెళ్దువుగాని, ముందు ఇంటికి రా బావా. 'మా అన్నయ్య డ్యూటీలో ఉండుంటే ఇలా జరిగేదా' అని మీ చెల్లెలు వారం నుంచి నా మొహం చూడట్లేదు."