చీకటిగదిలో పలికిన గొంతు

1979 జూన్ పదకొండున, జూబ్లీహిల్స్ బండల నడుమ అప్పుడప్పుడే లేచిన మా ఫిల్మ్ ల్యాబులో శ్రీ వెంకటనర్సయ్యగారు సహాయకులుగా చేరారు. నాటినుండి రేపటి పదవీ విరమణ దాకా, నెగెటివ్‌లు కడిగే చీకటిగదిలోనూ, యాజమాన్యం ఎదుట కార్మికసంఘ కార్యదర్శిగానూ వారు చూపిన నిష్ఠ సర్వదా శ్లాఘనీయం. వారి పక్కన నిలబడి రీళ్లు చుట్టినవాణ్ణి కనుక ఈ మాట చెప్పే హక్కు నాకుంది.

చీకటిగదికి ఒక ఆచారం ఉంది. దీపం వెలగరాదు కాబట్టి లోపలికి అడుగుపెట్టేవారు "వస్తున్న!" అనాలి, లోపలివారు "రా!" అనాలి. లేకుంటే తలలు ఢీకొంటాయి, రీలు చేజారుతుంది. సంఘాన్నీ వారు అలాగే నడిపారు, ఎవరు పిలిచినా పలికారు. 1986 సమ్మెకు ఆవేశపడి బయలుదేరిన మమ్మల్ని ఆపి, "జర ఆగుండ్రి. మిషన్ల ఉన్న నెగెటివ్ ఎవరిదో కష్టం. అది కడిగి బయటికొచ్చినంకనే సమ్మె" అన్నారు. యజమాని మర్నాడే చర్చలకు కూర్చున్నారు. ఆ రోజుల్లో మేం చేతులు కట్టుకుంటే సినిమా విడుదలే ఆగిపోయేది మరి!

ఆర్థిక సంస్కరణలు వచ్చాయి, కొత్త మేనేజర్లు వచ్చారు. పై అంతస్తులో కంప్యూటర్లు, వాటి ముందు కాంట్రాక్టు పిల్లలు. సంఘంలో చేరితే కాంట్రాక్టు పొడిగించరేమోనని వారి భయం. మేం సమ్మె అంటే పని సాయంత్రానికల్లా మాదాపూర్‌లో మరో కంపెనీకి పోతుంది. ఇది గ్రహించిన వెంకటనర్సయ్యగారు నినాదమే మార్చి, మమ్మల్ని తీసేయకండి, కంప్యూటర్ నేర్పండి అని పట్టుబట్టారు. కొందరు గొణిగారు, వారు పట్టించుకోలేదు.

శిక్షణ తొలిరోజున మౌస్ మీద చెయ్యి వేయబోతూ, అలవాటుకొద్దీ "వస్తున్న!" అని గట్టిగా అరిచారు. గదంతా గొల్లుమంది. నేర్పడానికి వచ్చిన కాంట్రాక్టు ఉద్యోగిని అనఘ నవ్వాపుకుంటూ, "రండి సార్, ఎవరూ అడ్డం లేరు" అంది.

ఇక దాచడమెందుకు, మాకు భయంగా ఉంది. సోమవారం యాజమాన్యం మాతో మాట్లాడుతుందట. చీకటిగది మూసేసి, స్వచ్ఛంద విరమణ తీసుకోమంటారని వినికిడి. నేర్చుకున్నవారిని పై అంతస్తుకు తీసుకుంటారో లేదో ఎవరూ చెప్పరు. వారు లేని ఆ బల్ల దగ్గర మా తరఫున మొదటి మాట ఎవరిది? వారినే అడిగాం. "ఫికర్ చెయ్యకుండ్రి. పైన పనిచేసే పిల్లల్ని గూడ అడుగుండ్రి" అన్నారు.

నిన్న అనఘ సంఘం గది గుమ్మంలో నిలబడి, "నేనూ సోమవారం మీతో వస్తున్నా" అంది. ఆ పిల్ల ఉద్యోగం ఏమవుతుందో! వెంకటనర్సయ్యగారు కుర్చీ జరిపి, "రా బిడ్డా" అన్నారు.

వారూ, వారి ధర్మపత్ని బాలమణిగారూ ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు సుఖించాలని ఆకాంక్షిస్తున్నాం. యూసుఫ్‌గూడలో వారి గడప ముందు మేం పిలిచినప్పుడల్లా లోపలినుండి ఆ గొంతు పలకాలి. సోమవారం ఏమైనా కానీ, సాయంత్రం వస్తున్నాం నర్సయ్యగారూ.

— ప్రభాకర్, చీకటిగది విభాగం