మౌలాలీ గ్లాసులు

వద్దే జాహెదా, ఆ గిన్నె నాకియ్యబాకు. మీ ఆయన మౌలాలీ పోయిన నలభయ్యో రోజున వండిన తీపన్నం, మీ చుట్టాలందరినీ వదిలిపెట్టి తొలి గిన్నె పక్కింటి పార్వతమ్మకి తెస్తావా? నీకేమన్నా మతి పోయిందా?

మేలు చేశానంటావు. ఏం మేలే? ఈ వీధి మొత్తానికి ఫ్రిజ్జు మా ఇంట్లోనే ఉంది గాబట్టి గ్లాసులు పెట్టనిచ్చాను. అంతే గదా!

కష్టమంతా నీది. గొంతులో ఆ పాడు కాన్సరొచ్చాక మీ ఆయనకి మంచినీళ్లు తాగినా మంటే. గడ్డకట్టిన చల్లటిదొక్కటే దిగేది. పెరుగు పల్చటి గుడ్డలో మూటగట్టి వేలాడేసేదానివి. అందులో బొప్పాయి మెత్తగా పిసికి, చెంచాడు తేనె కలిపి, మూడు స్టీలు గ్లాసుల్లో పొద్దున్నే తెచ్చేదానివి. సాయంత్రం చెంచాతో గీకి నోట్లో పెడుతుంటే, లారీ ఇంజన్లు విప్పిన మనిషి పసిబిడ్డలాగా నోరు తెరిచేవాడు.

ఆ చివరి రోజు... కూర్చోవే, నువ్వట్టా నిలబడితే చెప్పలేను.

ఆ రోజు గురజాల నుంచి మా ఆడబిడ్డ దిగింది. ఆమె మడీ ఆచారం నీకు తెలుసు గదా! మా ఫ్రిజ్జులో మీ గ్లాసులు చూసిందంటే చుట్టాలందరికీ చాటుతుంది. చానా భయపడ్డానే. గ్లాసులు తీసి పెరట్లో నీళ్ల గోలెం వెనక దాచాను. ఆ ఎండకి పెరుగు పులిసి పొంగిపోయింది. నువ్వొచ్చేసరికి ఏం చెప్పాలో తోచలా. పొద్దుటినుంచీ కరెంటు లేదన్నాను. పోనీలే అక్కా, రేపు పెడదాం అని వెళ్లిపోయావు.

తెల్లారేసరికి మౌలాలీ లేడు.

కరెంటు పోలేదే. నేనే గ్లాసులు బయటికి తీశాను. నోరు ఎండిపోతున్న మనిషి నోటికాడిది లాగేశాను. ఇదీ నేను చేసిన మేలు.

ఏందీ? తెలుసా? ఎట్టా?

అవును గదా... మీకూ మాకూ ఒకటే కరెంటు స్తంభం. మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతానే ఉందా? మరి మౌలాలీకేం చెప్పావే? ఆ ఫ్యాను కిందే పడుకున్న మనిషికి కరెంటు లేదనే చెప్పావా?

పైకి చూశాడా?

ఏమన్నాడే? చెప్పు, ఏమన్నా పడతాను.

"అక్కకేం ఇబ్బందొచ్చిందో పాపం" అన్నాడా!

అయ్యో జాహెదా... ఆ మనిషి గ్లాసు తగిలితే మైలపడతామనుకున్నాం గదే మేము.