ఐదు చొక్కాల లెక్క

కుట్టుమిషన్ల హాల్లో పని మొదలై నాలుగు గంటలైంది. సూపర్‌వైజరు వచ్చి చొక్కాలు కుడుతున్న ఒకామె మిషను పక్కన నిలబడ్డాడు.

“చొక్కాకి పది నిమిషాలు. నాలుగు గంటలకి ఇరవై నాలుగు రావాలి. పంతొమ్మిదే ఉన్నాయేం?”

“సూది విరిగింది సార్. ముక్కలన్నీ అప్పజెబితేగానీ కొత్తది ఇవ్వరుగా. ఆఖరి ముక్క కోసం అరగంట నేలంతా వెతికాను.”

“అరగంటకి మూడే కదా! నాకే చెవిలో పూలు పెడతావా? ఇంకో రెండేవీ?”

“పొద్దున ఒకసారి, ఇందాక ఒకసారి మీరిలాగే వచ్చి పదేసి నిమిషాలు చెడామడా తిట్టారు. మిషను ఆపి, మీ మొహం చూస్తూ వినమన్నారు.”

“అయితే?”

“ఆ రెండూ మీ తిట్లకే పోయాయి సార్. ఇప్పుడు మూడోది పోతోంది, పక్కకి జరగండి.”