పిల్లల్ని చూసే మనిషికీ కూలే

"అమ్మమ్మా, నువ్వు మిల్లుకెళ్తే అమ్మని ఎవరు చూసేవాళ్ళు?"

ఆఁ, భలే అడిగావే! కూచో, కూచో చెప్తా. రేపల్లెలో రైలు గేటు అవతల మిల్లు. ఉప్పుడు బియ్యం మిల్లు. ఉడికిన వడ్లు గచ్చు మీద పోస్తే, మేం పన్నెండు మంది ఆడోళ్ళం ఎండలో కాళ్ళతో తిరగేసేవోళ్ళం. రోజుకి రూపాయిన్నర... కాదు కాదు, రూపాయింబావలా. రూపాయిన్నర తర్వాత పెరిగింది. అప్పుడు సినిమాకి నేల టిక్కెట్టు పావలాయేనమ్మా! మా చెల్లెలు బాపట్ల నుంచొస్తే ఇద్దరం మొదటాటకి పోయేవోళ్ళం. సరే, అది వదిలెయ్.

పిల్లల్ని తీసుకెళ్ళి గోడ నీడన పడుకోబెట్టేవోళ్ళం. మరి ఇంటికాడ ఎవరుంటారు? మా అత్త ఉందిగానీ ఆవిడా కలుపుకి పోవాలి, పోకపోతే పూట గడవదు. ఓ రోజు కలుపు పని లేక మా అత్త నాకు అన్నం తెచ్చిందా, వచ్చేసరికి మీ అమ్మ వడ్లు నానేసే తొట్టికాడికి పాక్కుంటా పోయి, గట్టు పట్టుకుని లోపలికి వొంగి చూస్తందంట! మా అత్త అన్నం గిన్నె అక్కడే పారేసి ఒక్క ఉరుకున పట్టుకుంది. నేను వడ్లు వదిలేసి ఉరికొచ్చి బిడ్డని చంకనేసుకున్నా.

ఆ సాయంత్రమే అందరం కలిసి మిల్లు షావుకారు గారి దగ్గరికెళ్ళాం. "మా అత్త పిల్లల్ని చూస్తదండి, ఆవిడకీ మాతో సమానంగా కూలియ్యండి" అన్నా. పక్కన మేస్త్రీ పకపకా నవ్వాడు. "పిల్లల్ని ఆడించే ముసల్దానికి కూలేంటే! రేపు జోల పాడేదానికీ అడుగుతారు!" అన్నాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "మీ ఎడ్లకి మేతేసే మనిషికి కూలియ్యట్లేదాండి? మా బిడ్డలు ఎడ్లకన్నా తీసిపోయారా?" అనేశా! అని, నా నోటికి నేనే భయపడ్డాననుకో. షావుకారు గారు నవ్వలేదు. "వారం రోజులు చూద్దాం. పని కుంటుపడిందా, ఆవిడా లేదు, నువ్వూ లేవు" అన్నారు.

మర్నాటి నుంచి మా అత్త పిల్లల్ని మిల్లు షెడ్డులో కూచోబెట్టుకుంది. ఇహ చూస్కో! నాలుగో రోజో, అయిదో రోజో, మిట్టమధ్యాన్నం సముద్రం వైపు నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. అంతకుముందైతే ఏం జరిగేదో తెల్సా, మబ్బు చూడగానే ఎవరి బిడ్డ కోసం వాళ్ళు ఉరికేవోళ్ళం, ఈలోగా వడ్లు తడిసేవి, మేస్త్రీ కూలి కోసేవోడు. ఈసారి మా అత్త షెడ్డులోంచి ఒకటే కేక, "పిల్లలందరూ నా దగ్గరున్నారే! మీరు వడ్లు చూడండి!" అని. అంతే! ఒకతె కూడా వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు! పోగు చేసేవోళ్ళు చేస్తన్నారు, గంపలెత్తేవోళ్ళు ఎత్తుతన్నారు, నవ్వుకుంటా, అరుచుకుంటా... ఆఖరి గంప షెడ్డులో పెట్టాకే చినుకు పడింది. గింజ తడవలేదమ్మా! షావుకారు గారు గుమ్మంలో నిలబడి అంతా చూశారు.

శనివారం కూలిచ్చేటప్పుడు మా అందరితో పాటు మా అత్త పేరు పిలిచారు. చంకలో ఒకడు, కొంగు పట్టుకుని ఇద్దరు, అట్టాగే వెళ్ళి చెయ్యి చాపింది. "ఆరుగురు బిడ్డల్ని పెంచానే, ఇది కూడా పనేనని ఎవుడూ అన్లేదు" అంది నాతో. ఆవిడ కళ్ళు చూసి నాకు ఏడుపాగలేదు.

అవునుగానీ, సోమవారం నుంచి నువ్వు ఆఫీసుకంటున్నావుగా, చంటోణ్ణి చూడ్డానికి ఓ పిల్లని పెట్టావంటగా. దానికెంతిస్తన్నావ్? ఆదివారం సెలవుందా? జొరమొస్తే జీతం కోస్తావా?

చల్లగా ఉండు తల్లీ, పెద్ద ఉద్యోగం చెయ్యి, నీ బిడ్డ వెయ్యేళ్ళు బతకాలి. ముందెళ్ళి ఆ పిల్ల అన్నం తిందో లేదో కనుక్కోపో.