గంట మోగితే వచ్చిన కాకి

నూకరాజు ఆటో తోలేవాడంట. తుని బస్టాండు కాణ్ణుంచి లోవ కొండ దాకా, రోజుకి ఎన్ని తిరుగుళ్ళో. మనిషి మంచోడే గానీ కోడికాళ్ళ దగ్గర మాత్రం చిన్నపిల్లాడు. ఆదివారం కోడి కోస్తే కాళ్ళు రెండూ ఆయనకే, అదీ కరకరలాడేలా నూనెలో వేగాలి. పెళ్ళాం వరాలమ్మ వేయించి పెట్టేది. ఆవిడ ఎంత నెమ్మదంటే, పక్కింటికి చేట కోసం ఎల్లినా నోరు తెరిచి అడగదు, వాళ్ళు చూసి పలకరించేదాకా గుమ్మంలో నిలబడుద్దంట. అలాంటి మనిషి అనుకో. ఏమైందంటే, ఒకరోజు నూకరాజుకి ఆటోలోనే గుండె పట్టేసింది. డాక్టరు సూదులూ మందులూ వేసి, ఇంక నూనె తిన్నావంటే నా దగ్గరికి రాకు అన్నాడంట. నూనె లేకుండా కోడికాలు ఎలాగ? పులుసులో ఉడికిన కాలు నోట్లో పెట్టుకుని, ఇది కోడి కాదే, తడిగుడ్డ, అని ఊసేసేవాడు.

ఆళ్ళకి ఒక్కతే కూతురు, లోవకుమారి. రొయ్యల కంపెనీలో పని. పొద్దస్తమానం మంచులో చేతులు పెట్టి ఒలవడమే, వేళ్ళు నానిపోయి పాలిపోయి ఉండేవి. ఆ పిల్ల నాన్న మొహం చూడలేక ఒక పెట్టె కొనుక్కొచ్చింది. ఎయిర్ ఫ్రయ్యరు అంట, మనోళ్ళు గాలిపెట్టె అనేవాళ్ళు. పొయ్యి అక్కర్లేదు, నూనె అక్కర్లేదు. కాళ్ళకి కత్తితో గాట్లు పెట్టి, ఉప్పూ కారం అల్లంవెల్లుల్లి, కాస్త పెరుగు, చారెడు బియ్యప్పిండి పట్టించి, సొరుగులో పెట్టి, పైనున్న నిమిషాల చెవి తిప్పడమే. లోపల వేడిగాలి గిర్రున తిరుగుద్ది. సగంలో ఒకసారి సొరుగు లాగి కాళ్ళు తిరగెయ్యాలి. అయ్యాక టింగుమని గంట కొడుద్ది. తోలు అప్పడంలా ఇరుగుద్ది, లోపల వెన్నలా ఉంటది. మీకు నోరూరుతున్నట్టుంది, ఆగండి, ఈ కథ అలాంటిది కాదు.

గంట కొట్టగానే నూకరాజు పళ్ళెం పట్టుకుని పెరట్లో కూర్చునేవాడు. తినేసి ఎముకలు గోడ మీదకి విసిరేవాడు. వాటికి ఒక కాకి అలవాటు పడింది. ఎంత అలవాటంటే, టింగుమంటే చాలు, కాళ్ళింకా సొరుగులో ఉండగానే అది వచ్చి గోడ మీద వాలేది. మీ చుట్టం వచ్చాడండీ, అని వరాలమ్మ అనేది. ఆవిడ ఆడిన సరసం ఈ జన్మకి అదొక్కటే. అలా ఏడాది జరిగింది. ఏడాదికి మళ్ళీ గుండె పట్టేసింది, ఈసారి ఆసుపత్రి దాకా కూడా రాలేదు మనిషి.

పదకొండో రోజు కాకికి పెట్టాలి కదా. పోయినోడికి ఇష్టమైనవి ఆకులో పెట్టి గోడ మీద ఉంచుతాం, కాకి ముట్టాకే మనం ముద్ద ఎత్తాలి. ముట్టలేదంటే పోయినోడికి కోరికేదో ఉండిపోయినట్టు. ఆ ఆకులో అన్నం పెట్టారు, కోడిపులుసు పెట్టారు, అరటిపండు, బీడీకట్ట పెట్టారు. వేపుడు ఒక్కటే లేదు. చావింట్లో కార్యం అయ్యేదాకా నూనె మూకుడు పొయ్యి ఎక్కకూడదని ఆళ్ళ ఆనవాయితీ. కాకి రాలేదు. ఎండ నెత్తికెక్కింది, పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు, కాకి రాలేదు. కులపెద్ద తాతారావు గోడ దగ్గర నిలబడి, ఒరే నూకరాజూ, నీ గేదెని చూసుకుంటాం రా, నీ ఆటో పరాయోడి చేతికివ్వం రా, అని ఒక్కోటీ చెప్తన్నాడు. అబ్బే. వరాలమ్మకి గాలిపెట్టె గుర్తొచ్చింది. మూకుడు పెట్టకూడని రోజు వేపుడేంటని ఆడబిడ్డ అచ్చియ్యమ్మ అడ్డం పడింది. తాతారావు వంటింట్లోకి ఎల్లి, వంగి, పెట్టె కిందా వెనకా చూసి, మంట లేదు, నూనె లేదు, ఇది మూకుడు కాదు, పెట్టుకో అమ్మా అన్నాడంట.

అచ్చియ్యమ్మ గురించి చెప్పాలి. ఆవిడకి గంగరాజని కొడుకు. వాడి మొదటి పెళ్ళాం రెండేళ్ళు కాపురం చేసి, ఒక పొద్దున దవడ విరిగి, నోటి నిండా నెత్తురుతో పుట్టింటి గుమ్మంలో వచ్చి పడింది. నెల తిరక్కుండా పోయింది. మెట్టు మీద జారిందని అచ్చియ్యమ్మ చెప్పుద్ది. ఊరు ఊకొట్టింది. ఆ గంగరాజుకి లోవకుమారిని చేసుకోవాలని ఆవిడ పట్టు. నా పిల్లని ఆ మెట్టు ఎక్కనివ్వను అక్కా, అని నూకరాజు బతికుండగా మొహం మీదే చెప్పేశాడు. చెప్పింది ఇంట్లోనే, నలుగురిలో కాదు. అక్కడే వచ్చింది తంటా.

ఇప్పుడు ఆవిడ గోడ దగ్గరికి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందంట, "తమ్ముడా, నీ దిగులు నాకు తెలుసురా. నీ కూతురు నా ఇంటి కోడలు. మాటిస్తున్నాను, వచ్చి తిను నాయనా." సరిగ్గా అప్పుడే వంటింట్లో టింగుమంది. వరాలమ్మ ఇంకా సొరుగు కూడా లాగలేదు. కాకి ఎక్కణ్ణుంచొచ్చిందో వచ్చింది, గోడ మీద వాలి వంటింటి గుమ్మం కేసి ఒకసారి చూసి, ఆకులో ముక్కు పెట్టింది. జనం ఒక్కసారిగా చేతులు జోడించారు. అందరూ మాట విన్నారు, గంట ఎవరూ లెక్క చెయ్యలేదు. లోవకుమారి ఒక్కతే తల్లి చెయ్యి పట్టుకుని, "అమ్మా, గంట" అంది. అంతే అంది.

మర్నాడు వరాలమ్మ తాతారావు గుమ్మంలో నిలబడి నిలబడి, ఎలాగో నోరు పెగల్చుకుని, కాకి గంటకొచ్చింది బాబూ, మాటకి కాదు అని చెప్పింది. ఆయన నవ్వాడంట. పోయినోడు రెండు ఊళ్ళ జనం ముందు ఒప్పుకున్నాడు తల్లీ, ఇంక కాదనడానికి నువ్వెవరు, నేనెవరు అన్నాడు. నెలమాసికం నాడే, కాకి ముట్టి భోజనాలయ్యాక, తాంబూలాలు పుచ్చుకోవాలని ఖాయం చేసేశారు. ఆ నెలంతా లోవకుమారి పనికి ఎల్లడం, రావడం, పడుకోవడం. తల్లితో ఏమీ అనలేదు. అంటే బాగుండేదని వరాలమ్మకి.

నెలమాసికం వచ్చింది. అచ్చియ్యమ్మ పసుపూ కుంకుమా కొత్త చీరా పళ్ళెంలో పెట్టుకుని, కొడుకుని వెంటేసుకుని వచ్చింది. వరాలమ్మ కాళ్ళకి గాట్లు పెట్టింది, ఎర్రగా మసాలా పట్టించింది, సొరుగులో పెట్టింది, చెవి తిప్పబోతే కరెంటు పోయింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పేలిందంట, సాయంత్రం దాకా రాదంట. మూకుడు పెడదామా అంటే, మాసికం నాడూ కాకి ముట్టేదాకా కూడదు. బయట ఆకు పెట్టేశారు. కాకి రాలేదు. నా తమ్ముడు ఆవేళే చెప్పేశాడు, ఇంక కాకి రాకపోయినా పర్లేదు, తాంబూలాలు కానివ్వండి, అంటంది అచ్చియ్యమ్మ. వరాలమ్మ చీకటి వంటింట్లో ఆ పెట్టె ముందు నిలబడి, ఏం చెయ్యాలో తోచక, ఊరికే చెవి తిప్పింది. టిక్కు టిక్కుమంది. ఆ చెవికి కరెంటుతో పన్లేదు, లోపల స్ప్రింగుంటది, గడియారంలాగ. తిరగడం అయ్యాక గంట కొట్టేదీ ఆ స్ప్రింగే. చెవిని అయిదు నిమిషాల మీద పెట్టింది. పచ్చికాళ్ళు రెండూ పళ్ళెంలో తీసుకుని బయటికొచ్చింది.

ఆకులో కాళ్ళు పెట్టి, జనం కేసి తిరక్కుండా, గోడతోనే అంది. "ఏవండీ. పిల్లని ఆ ఇంటికివ్వడం మీకిష్టం లేకపోతే, వచ్చి తినండి." పెళ్ళయ్యాక ఆవిడ పదిమందిలో మాట్లాడటం అదే మొదలు.  అచ్చియ్యమ్మ కిసుక్కున నవ్వి, రమ్మను చూద్దాం అంది. అయిదు నిమిషాలు అంటే ఎంతో మీకు తెలీదు. లోవకుమారి వంటింటి గుమ్మానికి వీపు ఆన్చి నిలబడింది, ఆ టిక్కుటిక్కు ఎవరికీ వినపడకుండా.

టింగుమంది.

కాకి వచ్చింది. అన్నం చూళ్ళేదు, పులుసు చూళ్ళేదు, కోడికాలు మీద తన కాలేసి నొక్కిపట్టి పొడిచింది. పచ్చిది కదా, ఎముక దగ్గర పొడిచేసరికి నెత్తురూరింది. కాకి ముక్కు ఎర్రగా అయిపోయింది. సున్నం కొట్టిన గోడకి అటొకసారి ఇటొకసారి రుద్దుకుంది, తెల్లటి గోడ మీద రెండు ఎర్రచారలు. మూల కూర్చున్న ముసలమ్మెవరో, ఆ మొదటి పిల్ల కూడా ఇలాగే నోటి నిండా నెత్తురుతో వచ్చిందమ్మా, అంది మెల్లగా.  అప్పట్లో మెట్టు మాటకి ఊకొట్టిన వాళ్ళందరూ గంగరాజు కేసి చూశారు. వాడు చెప్పులేసుకున్నాడు. అచ్చియ్యమ్మ పళ్ళెం మీద కొంగు కప్పుకుని, అన్నం తినకుండా ఎల్లిపోయింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

పిల్ల బతికిపోయింది. వరాలమ్మ ఆ పూట ముద్ద మింగలేదంట. ఉడికిన కాలు పెడితేనే ఊసేసిన మనిషి, ఆయన మాసికం నాడు పచ్చికాలు పెట్టానే అని ఒకటే కుమిలిపోయింది. ఇప్పటికీ ఆదివారం రెండు కాళ్ళు గాలిపెట్టెలో కరకరలాడేలా చేసి గోడ మీద పెడతది. గంట కొడితే కాకి వస్తది. తింటది. ఆవిడ చూస్తా నిలబడతది గానీ, చుట్టం వచ్చాడని ఇప్పుడు అనదు.

ఆ కాకి నూకరాజా కాదా అని నన్నడక్కండి. ఒట్టి కాకే అయితే, గంట విని మేతకొచ్చింది, తినిపోయింది. నూకరాజే అయితే మాత్రం, కూతురి కోసం పచ్చిది మింగాడు పాపం. మీకేది నచ్చితే అది పట్టుకెళ్ళండి. లెగండి, లెగండి, అన్నాలు చల్లారిపోతన్నాయి.